ఐదు రూపాయల బిళ్ళకు నేను చేసిన శవపరీక్ష

మనిషి పరువు పోవడానికి దారులు బోలెడు. పెళ్ళి పందిట్లో పంచె జారవచ్చు, వేదిక మీద పాట మధ్యలో మాటలు మరిచిపోవచ్చు. నా పరువు మాత్రం ఐదు రూపాయల బిళ్ళ మీద కాలేసి జారింది. పోయింది కూడా ఒంటరిగా కాదు. పోతూ పోతూ ఒక బ్యాంకు శాఖను పొగతో నింపింది, ఒక జోనల్ ఆఫీసరును దగ్గించింది, ఏ పాపం ఎరగని ఒక ఆడమనిషికి వారం రోజులు జైలు కలలు తెప్పించింది. ఇంత చేసి కూడా నేను ఉద్యోగంలో మిగిలానంటే అది ఆవిడ మంచితనం. నా తెలివి అనుకునేరు, నా తెలివి సంగతి కిందనే ఉంది, చదవండి.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. తెనాలి నుంచి హౌరాలో రైలు దిగి, కలకత్తా రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో ఒక బ్యాంకు శాఖలో ఆఫీసరుగా చేరాను. కింద వీధంతా జీన్సు ప్యాంట్లు కుట్టే దుకాణాలు, పై అంతస్తులో మేము. ఆ శాఖలో నాకు దొరికిన ఏకైక స్వర్గం, వెనక వరండాలో పైడమ్మ నడిపే క్యాంటీన్. వాళ్ళది శ్రీకాకుళం వైపు. మామగారి కాలంలోనే రేవులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భర్త రేవులో కళాసీ, బరువు ఎత్తబోయి నడుం పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆ వరండా మీదే. చేపల కూర లేనిదే ముద్ద దిగని బెంగాలీ గుమాస్తాలు కూడా పొద్దున పది కాకముందే వచ్చి ఆవిడ ఇడ్లీల కోసం వరసలో నిలబడేవాళ్ళు.

నేనూ రోజూ నాలుగు తినేవాణ్ణి. తినేవాణ్ణే గాని, ఆవిడతో మాట్లాడేవాణ్ణి కాదు. ఆవిడ "ఏటి బాబూ, సెట్నీ ఎయ్యమంటారా" అంటే నాకు చిన్నతనంగా ఉండేది. బెంగాలీల ముందు మా ఇద్దరిదీ ఒకే భాష అని తెలిసిపోతుందని భయం. అందుకని ఆవిడకు ఇంగ్లీషులో జవాబు చెప్పేవాణ్ణి. వెధవ అనుకుంటున్నారు కదూ? అనుకోండి, నేనూ అదే అనుకుంటున్నాను.

ఆ రోజుల్లో నాకు నాణేల పిచ్చి పట్టింది. ఫోనులో వీడియోలు చూసి చూసి పట్టిన పిచ్చి అది. నాణెం మీద దెబ్బ చూసి అది ఎలా తగిలిందో చెప్పడం ఒక విద్య అండీ. టంకశాలలో అచ్చు పడేటప్పుడే వచ్చిన లోపమైతే సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. బయటికొచ్చాక ఎవరో పాడుచేసినదైతే దాని విలువ ఐదు రూపాయలే, అదీ పుచ్చుకునే ఆటోవాడు దొరికితే. రైలు పట్టా మీద పెట్టిన బిళ్ళ పల్చబడుతుంది, దాంతోపాటు అక్షరాలూ సాగుతాయి. టైర్ల కింద నలిగినదానికి గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. మంటలో పడ్డది నల్లబడి బుడిపెలు కడుతుంది. ఆమ్లంలో నానింది చిక్కిపోతుంది, ఇత్తడి పసుపు కాస్తా ఎరుపు తిరుగుతుంది. ఇవన్నీ నాకు కంఠస్థం. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు ఫుట్‌పాత్ మీద భూతద్దం దొరికింది, దాన్ని పట్టపగలు ఆఫీసు గంటల్లో పట్టాను.

మొదటి దెబ్బకే నెగ్గాను, అదే నా ఖర్మ. మా మేనేజర్ చటర్జీ గారి తాళాల గుత్తికి రేకులా పల్చబడ్డ పాత రూపాయి ఒకటి వేలాడుతుండేది. నేను భూతద్దంలో చూసి "ఇది రైలు కింద పడింది సార్" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేశారు. చిన్నప్పుడు బడ్జ్ బడ్జ్ రైలు పట్టాల మీద తనే పెట్టారట. ఆ రోజు నుంచి ఆయన ఎవరొచ్చినా "మా రావ్ బాబు నాణేల డాక్టరు" అని పరిచయం చేసేవారు. నేను నిజంగానే డాక్టరునైపోయినట్టు జేబులో భూతద్దం పిడి బయటికి కనిపించేలా పెట్టుకుని తిరిగాను.

ఇంతలో ఒక సోమవారం పైడమ్మ ఇచ్చిన చిల్లరలో ఆ బిళ్ళ వచ్చింది.

ఇత్తడి రంగు ఐదు రూపాయలది. కాని అందులో ఇత్తడి ఎక్కడుంది? మచ్చలు మచ్చలుగా రాగి రంగు తిరిగిపోయింది. సందుల్లో తెల్లటి గారలాంటిది గట్టిగా పట్టుకుంది. అంచు చుట్టూ ఎవరో చిన్న సుత్తితో ఓపిగ్గా కొట్టినట్టు మొద్దుబారింది. ఒకవైపు సింహాల ముఖాలు అరిగి మేకపిల్లల్లా అయ్యాయి. ఇడ్లీ వదిలేసి సీటుకు పరిగెత్తి దీపం వేసి పరీక్ష మొదలుపెట్టాను.

గర్వంగా చెబుతున్నాను, ఆ పరీక్షలో నేను ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. రైలు కాదన్నాను, నిజమే. రోడ్డు కాదన్నాను, నిజమే. తెల్లటి గార ఉప్పునీళ్ళు మరిగితే వచ్చేదన్నాను, నిజం. రాగి రంగు బలహీనమైన ఆమ్లం వల్ల, అదీ ఒక్కసారి కాదు, వేలసార్లు తగలడం వల్ల వచ్చిందన్నాను, నిజం. వేడి ఉందన్నాను, నిజం. ఆ వేడిలో బిళ్ళ కుదురుగా లేదు, ఏళ్ళ తరబడి ఏదో లోహం మీద ఎగిరెగిరి పడిందన్నాను, అదీ నిజమే. ఏ శాస్త్రవేత్తా ఇంతకన్నా బాగా చెప్పలేడు. వేడినీళ్ళు, పులుపు, ఎగరడం, ప్రతిరోజూ. ఇక ఈ నాలుగూ కలిసి ఉండే చోటు ఒక్కటి చెప్పాలి, అంతే.

చెప్పాను. "రహస్య కర్మాగారం" అన్నాను.

మెటియాబ్రుజ్ సందుల్లో ఎక్కడో ఒక ముఠా పెద్ద తొట్టెల్లో ఆమ్లం మరిగించి, అందులో సర్కారు నాణేలను గిలకొట్టి లోహం దొంగిలిస్తోందని నా సిద్ధాంతం. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళను చూశాం. నేను ఎలుకను చూసి దాని చుట్టూ కొండ కట్టాను.

మధ్యాహ్నం పైడమ్మ నా సీటు దగ్గరికి వచ్చింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, కొత్త ఐదు రూపాయల బిళ్ళ ఒకటి బల్ల మీద పెట్టింది.

"బాబూ, పొద్దున్న సిల్లర్లో నా పాత బిళ్ళొకటి కలిసిపోనాది. ఈ కొత్తది తీసుకోని అది ఇచ్చీండి."

"ఏం, ఆ పాతదే ఎందుకు కావాలి?"

"దానికో పనుంది బాబూ. అలవాటైపోనాది."

ఆలోచించండి. పాడైన బిళ్ళ కోసం నిగనిగలాడే కొత్త బిళ్ళ ఇస్తానంటోంది. నా బుర్రలో గంటలు మోగాయి. ఏ పని అని ఒక్క మాట అడిగితే కథ అక్కడే అయిపోయేది. నేను అడిగితే కదా? కుర్చీలో వెనక్కి వాలి, నాణెం పాడుచేయడం నేరమనీ, జైలుంటుందనీ, ఏం చెప్పుకున్నా విచారణలోనే చెప్పుకోవాలనీ, అంతవరకు ఎవరితోనూ నోరెత్తకూడదనీ ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఉపన్యాసం ఇచ్చాను. ఇంకో ఆజ్ఞ కూడా జారీ చేశాను. "ఈ రోజు నుంచి నువ్వు నాణెం ముట్టుకోవద్దు. డబ్బులన్నీ ఫోనులోనే తీసుకో. నాణేన్ని డబ్బాలో వెయ్యకు, నీళ్ళలో వెయ్యకు, అసలు దేన్లోనూ వెయ్యకు."

ఆ నీళ్ళ మాటకు ఆవిడ మొహం పాలిపోయింది. నేరస్థుల మొహాలు ఇలాగే పాలిపోతాయని నాకు ఎంతో సంతృప్తి కలిగింది.

నేను రాసిన రిపోర్టు నాలుగు పేజీలు. ఐదు రూపాయల బిళ్ళ మీద నాలుగు పేజీలంటే పేజీకి రూపాయి పావలా పడింది. చటర్జీ గారు చదివి కంగారుపడ్డారు. ఇలాంటి కాగితం చేతికొచ్చాక పైకి పంపకపోతే తన మెడకు చుట్టుకుంటుందని పంపేశారు. జోనల్ ఆఫీసు నుంచి సేన్ మేడమ్ అనే పెద్దాఫీసరు వచ్చే సోమవారం వచ్చి విచారిస్తారని, క్యాంటీన్ ఉంచాలో తీసెయ్యాలో అప్పుడే తేలుస్తారని జవాబొచ్చింది. అంతవరకు పైడమ్మ పని చేసుకోవచ్చు. సాక్ష్యంగా బిళ్ళను కవరులో పెట్టి లక్క సీలు వేశాను. లక్క నా వేలి మీద పడి బొబ్బెక్కింది. అదే చివరి హెచ్చరిక, నేను గమనించలేదు.

ఆ వారం శాఖలో నా బతుకు చెప్పనలవి కాదు. క్యాంటీన్ పోతుందేమోనన్న వార్త గుప్పుమంది. గుమాస్తాలు నా ఫైళ్ళు కదపడం మానేశారు. ఒకాయన నా ఎదురుగానే మరమరాల పొట్లం విప్పి, ఇక మాకిదే గతి అన్నట్టు ఒక్కొక్క గింజా నోట్లో వేసుకున్నాడు. పైడమ్మ మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇదివరకు ఇడ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టి చట్నీ రుబ్బుకునేది, బల్లలు తుడుచుకునేది. ఇప్పుడు గిన్నె పక్కనుంచి కదలడం లేదు. మాటిమాటికీ మూతెత్తి లోపలికి చూస్తోంది. ఏదో దాస్తోందని నేను ఆ సంగతి కూడా డైరీలో రాసుకున్నాను.

సోమవారం సేన్ మేడమ్ వచ్చారు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర ఉంటుంది, ఎక్కువ మాట్లాడరు. చటర్జీ గారు ఆవిడ కోసం ఇడ్లీలు చెప్పారు. పైడమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టిన ఐదు నిమిషాలకు నేను ఆవిడను మేనేజరు గదిలోకి పిలిపించాను. ప్రశ్నలు పదిహేడు తయారుచేసి ఉంచుకున్నాను మరి, ఆగుతానా?

"బాబూ, పొయ్యి మీద..." అంది ఆవిడ గుమ్మంలోనే.

"అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి" అన్నాను.

మొదటి ప్రశ్న, ఆ బిళ్ళ నీకు ఎవరిచ్చారు. గుర్తులేదంది. రెండో ప్రశ్న, నీకు ఆమ్లం అమ్మే దుకాణాలు తెలుసా. తెల్లబోయింది. మూడో ప్రశ్నకు ముందు మళ్ళీ "పొయ్యి..." అంది. నేను చెయ్యెత్తి ఆపాను. అలా అరగంట పైగా సాగదీసి తొమ్మిదో ప్రశ్న దాకా వెళ్ళానండీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడికైనా ఒక కుందేలు ఉంది. నా దగ్గర అదీ లేదు. మేడమ్ ఒకటి రెండుసార్లు నన్ను కళ్ళజోడు పైనుంచి చూశారు, మెచ్చుకుంటున్నారనుకున్నాను.

పదో ప్రశ్న దగ్గర వాసన వచ్చింది. పదకొండో ప్రశ్న దగ్గర తలుపు కింద నుంచి పొగ వచ్చింది. ఆ తర్వాత ప్రశ్నలు లేవు. గుమాస్తాలు కేకలు పెడుతూ మెట్ల వైపు, ఖాతాదారులు కౌంటర్ల వైపు, చటర్జీ గారు ఇద్దరి మధ్యా పరిగెత్తారు. కింద జీన్సు దుకాణాల వాళ్ళు బకెట్లతో పైకొచ్చారు. పైడమ్మ అందరినీ తోసుకుంటూ వెళ్ళి పొయ్యి ఆర్పి, గిన్నెను గుడ్డతో పట్టుకుని వరండా నేల మీద దించింది. నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె అడుగు కరిగి సొట్టపోయింది. ఇడ్లీలు బొగ్గులయ్యాయి. ఆవిడ ఆ గిన్నె ముందే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"ఒప్పీసుకుంటన్నాను బాబూ, జైల్లో ఎట్టీండి. ఆ బిళ్ళ ఈ గిన్నెలోదే. అడుగున ఏస్తే నీళ్ళున్నంత సేపూ గలగల్లాడతాది. సప్పుడు ఆగిందంటే నీళ్ళైపోనాయని పరిగెత్తుకొస్తాను. గిన్నె నల్లబడకుండా సింతపండు ముక్క కూడా ఏస్తాను. తొమ్మిదేళ్ళ బట్టీ సర్కారు సింహాల్ని సింతపండులో ఉడకబెట్టీసినాను. నేరమని నాకు తెల్దు. తమరు ఏ బిళ్ళా నీళ్ళల్లో ఎయ్యొద్దన్నారని వారం నుంచీ బిళ్ళ లేకండానే గిన్నె ఎడతన్నాను. ఇయ్యాల పక్కన నిలబడనివ్వలేదు మీరు."

పైడమ్మ మేడమ్ వైపు తిరిగి అదంతా బెంగాలీలో మళ్ళీ చెప్పింది. వేడినీళ్ళు, పులుపు, ఎగరడం, ప్రతిరోజూ. నా నాలుగు పేజీలనూ ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. రహస్య కర్మాగారం నా కుర్చీకి పదడుగుల దూరంలో ఉంది. అందులో తయారైన సరుకు రోజూ నాలుగు చొప్పున నా పొట్టలోకే వెళ్తోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి ఇకమీదట ఎవరూ ఎగతాళి చెయ్యకండి. వాడు కనీసం పిల్ల మీద కేసు పెట్టలేదు.

మేడమ్ దగ్గు ఆపుకుని నా వైపు తిరిగారు.

"మీది ఆంధ్ర కదా?"

"అవును మేడమ్."

"మీ ఇంట్లో ఇడ్లీ చేస్తారా?"

"వారానికి నాలుగు రోజులు మేడమ్."

"గిన్నెలో బిళ్ళ వెయ్యరా?"

నేను తెలియదన్నాను. అది అబద్ధం కాదు, అందుకే ఇంకా సిగ్గు. ఆవిడ ఫోన్ చేసి కనుక్కోమన్నారు, స్పీకర్లో పెట్టమన్నారు. అమ్మ ఫోనెత్తింది. ప్రశ్న విని, "వెయ్యకపోతే ఎలారా, మీ నాయనమ్మ వేసిన రాగి బిళ్ళ ఇప్పటికీ అందులోనే ఉంది. చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది కూడానూ" అంది. ఒక క్షణం ఆగి, "నీకెలా తెలుస్తుందిలే, నువ్వు వంటింట్లోకి ఎప్పుడొచ్చావు కనక" అని ఫోన్ పెట్టేసింది. చటర్జీ గారు ఆ మాటలకు అర్థం చెప్పమని నన్నే అడిగారు. చెప్పాను. ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన అనువాదం అదే.

ఇరవై ఏడేళ్ళు ఆ చప్పుడు వింటూ నిద్రలేచాను. అది ఇడ్లీలు ఉడికే చప్పుడనుకున్నాను. ఇడ్లీకి గొంతుండదని కూడా ఆలోచించలేదు. ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదండీ. నేల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటున్న పైడమ్మను చూస్తే, భూతద్దం పెట్టి చూడాల్సింది ఎవరినో తెలిసొచ్చింది. ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, శాఖంతా వింటుండగా, మొదటిసారి తెలుగులో మాత్రమే మాట్లాడాను. తప్పు నాదేనన్నాను, నేరం ఏమీ లేదన్నాను. ఆవిడ నమ్మలేదు. మేడమ్ బెంగాలీలో అదే మాట చెప్పాకే నమ్మింది. అప్పటికి నా మాట విలువ అంత.

సేన్ మేడమ్ అక్కడే నిలబడి విచారణ నివేదిక చెప్పి రాయించారు. నా రిపోర్టు నాలుగు పేజీలైతే ఆవిడది నాలుగు వాక్యాలు. క్యాంటీన్ యథాప్రకారం నడవాలి. నాణెం యజమానురాలికి తిరిగి ఇవ్వాలి. నష్టం, ఒక అల్యూమినియం గిన్నె. నష్టానికి కారణం, ఒక ఆఫీసరు.

దాని కింద సాక్షిగా సంతకం పెట్టింది కూడా నేనే.

మర్నాడు ఖిదిర్‌పూర్ బజారులో కొత్త ఇడ్లీ గిన్నె కొని నెత్తిన పెట్టుకున్నంత పనిచేసి తెచ్చాను. పైడమ్మ దాన్ని తట్టి చూసింది, మూత సరిపోయిందో లేదో చూసింది, నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. పాత బిళ్ళ అరిగిపోయింది, ఇక దాన్ని దేవుడి దగ్గర పెట్టేస్తానంది. నా జేబులోంచి ఒక కొత్త ఐదు రూపాయల బిళ్ళ తియ్యమంది. ఇచ్చాను. ఆవిడ పుచ్చుకోలేదు.

"నువ్వే ఎయ్యి బాబూ," అంది. మీరు అనడం మానేసి నువ్వులోకి దిగిందని నాకు ప్రాణం లేచొచ్చింది. చింతపండు ముక్కతో సహా వేశాను. బిళ్ళ గలగల్లాడడం మొదలవగానే ఆవిడ పాత బిళ్ళ తీసేసుకున్న ఆ సీలు పగిలిన కవరు నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు రాసుకో. తొమ్మిదేళ్ళ తరవాత ఇది ఎవుడి సేతికైనా దొరికి, దీన్నెవరు పాడుసేసినారని అడిగితే, నీ పేరే సెప్తాను."

చెబుతుంది, ఆవిడ మాట తప్పే మనిషి కాదు. అందుచేత తెలుగు పాఠక మహాజనులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకమీదట నేను ఏ నాణేన్నీ పరీక్షించను. గత్యంతరం లేక పరీక్షించాల్సివస్తే ముందు వంటింట్లోకి వెళ్ళి, అక్కడున్న వాళ్ళను మర్యాదగా అడిగి, వాళ్ళు చెప్పింది పూర్తయ్యేదాకా వింటాను. అప్పుడు కూడా అభిప్రాయం చెప్పడానికి నోరు తెరవను. నోరు తెరవడమంటూ జరిగితే అది ఇడ్లీ కోసమే అని, వేడి గిన్నె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చెయ్యి కాలింది కూడా.